గరగరలాడే వాషింగ్ మెషీన్: నా రిపేరు డైరీ

"ఒరేయ్, ఇది బట్టలు ఉతుకుతోందా, తిరగలి తిప్పుతోందా?" అని అమ్మ అడిగిన రోజున ఈ డైరీ మొదలైంది. నిజానికి ఆ చప్పుడు మొదలై రెండు నెలలు దాటి ఉంటుంది. రోజూ వినే రొద కొద్దికొద్దిగా పెరుగుతుంటే చెవి దానికి అలవాటు పడిపోతుంది. అమ్మ నెల రోజులు చెల్లి దగ్గర ఉండి వచ్చింది. అందుకే ఆమెకి వెంటనే తేడా తెలిసింది, నాకు తెలియలేదు.

మెషీన్ సంగతి ముందే చెప్పేస్తాను. ముందు తలుపు ఉండే రకం, అంటే ఫ్రంట్ లోడ్. ఏడు కిలోలు పడతాయి. స్పిన్ గరిష్ఠంగా నిమిషానికి 1000 చుట్లు, అంటే 1000 ఆర్‌పీఎం. కింద మోటారు, వెనక డ్రమ్‌ని తిప్పే పెద్ద చక్రం (పుల్లీ), రెండింటికీ బెల్ట్. తొమ్మిదేళ్లుగా వాడుతున్నాం. ఇంతకుముందు నేను దీని మూత కూడా విప్పలేదు.

1వ రోజు: విప్పకుండా వినడం

స్క్రూడ్రైవర్ జోలికి పోకుండా స్టూల్ వేసుకుని, ఒక ఉతుకు మొదటి నుంచి చివరిదాకా మెషీన్ పక్కనే కూర్చున్నాను. ఎప్పుడు ఏ చప్పుడు వస్తే అది నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ పేజీ ఇలా ఉంది:

నీళ్లు పట్టేటప్పుడు ఏమీ లేదు. మెల్లగా అటూ ఇటూ తిరిగేటప్పుడు వెనక వైపు నుంచి సన్నగా గర్‌ర్, గర్‌ర్. నీళ్లు బయటికి తోసేటప్పుడు కింద కుడి మూల నుంచి టకటక, డబ్బాలో గులకరాయి వేసి ఊపినట్టు. స్పిన్ మొదలవుతూండగా ధబ్ ధబ్ అని నాలుగైదు సార్లు కుదుపు, మెషీన్ ఒక అంగుళం ముందుకి జరిగింది. స్పీడు బాగా పెరిగాక విమానం లేస్తున్నట్టు రొద, పక్క గదిలో మాట వినపడదు. స్పిన్ అయిపోయి డ్రమ్ వేగం తగ్గుతుంటే ఆ రొద కూడా దిగుతూ వచ్చి, చివర్లో మళ్లీ గర్‌ర్.

రాసుకున్నది చదువుకుంటే అర్థమైంది, నేను ఇన్నాళ్లూ ఒకే చప్పుడు అనుకున్నవి మూడు. టకటక వేరు, ధబ్ ధబ్ వేరు, గరగర వేరు. ఒక్కోటి ఒక్కో సమయంలో వస్తోంది, ఒక్కో చోటు నుంచి వస్తోంది. మెల్లగా తిరిగినప్పటి గరగర, స్పీడులో వచ్చే విమానం రొద మాత్రం ఒకటేనని అప్పుడే అనుమానం వచ్చింది. డ్రమ్ స్పీడుతో పాటే పెరిగి, దాంతో పాటే తగ్గుతోంది మరి.

చివర్లో ఇంకో సంగతి గమనించాను. డ్రమ్ ఆగబోయే ముందు మోటారుకి కరెంటు ఉండదు, డ్రమ్ తన ఊపు మీదే తిరుగుతుంటుంది. అప్పుడు కూడా గరగర ఉంది. అంటే అది కరెంటు తాలూకు మోత కాదు. ఇనుము ఇనుముని రాసుకుంటున్న చప్పుడు.

2వ రోజు: కాళ్లు

సులువైన దాంతో మొదలుపెట్టాను. మెషీన్ పైన రెండు ఎదురు మూలల మీద చేతులు పెట్టి నొక్కితే అడుగున టక్కుమని ఊగింది. నాలుగు కాళ్లలో ఒకటి నేలకి ఆనడం లేదు. మేస్త్రీలు వాడే రసమట్టం మా ఇంట్లో ఒకటి ఉంది. దాన్ని పైన అడ్డంగా, నిలువుగా పెట్టి చూస్తూ కాళ్లు తిప్పి సరిచేశాను. ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది. కాలికి పైన ఒక లాక్ నట్ ఉంటుంది. కాలు ఎత్తు సరిచేశాక ఆ నట్‌ని పైకి, మెషీన్ అడుగు రేకుకి ఆనేలా స్పానర్‌తో బిగించాలి. లేకపోతే కుదుపులకి కాలు మళ్లీ దానంతటదే తిరిగి, నెలలో మొదటికొస్తుంది. మాది అలాగే అయిందని అనుకుంటున్నాను, ఎందుకంటే మూడు నట్లు వదులుగా దొరికాయి.

ఎందుకింత పట్టింపు అంటే ఒక చిన్న లెక్క. మా డ్రమ్ వ్యాసం దాదాపు 48 సెంటీమీటర్లు. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే దాని అంచున ఉన్న వస్తువు మీద భూమ్యాకర్షణకి సుమారు 270 రెట్ల బలం పడుతుంది. బట్టలన్నీ ఒక వైపు ముద్దగా చేరి అర కిలో తేడా వచ్చిందనుకోండి, సుమారు 135 కిలోల బరువు డ్రమ్‌ని సెకనుకి పదహారు సార్లు అటూ ఇటూ లాగుతున్నట్టు లెక్క. ఒక్క దుప్పటి మాత్రమే వేసినప్పుడు మెషీన్ స్పిన్‌కి పోకుండా మళ్లీ మళ్లీ బట్టలు సర్దుకోవడానికి చూసేది ఇందుకే. మనకేమో అది మొరాయించినట్టు కనిపిస్తుంది.

సాయంత్రం మామూలు బట్టలతో వేశాం. ముందుకి జరగడం ఆగింది. ధబ్ ధబ్ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. గరగర అలాగే ఉంది.

3వ రోజు: పంపు

టకటక సంగతి. ముందు వైపు కింద కుడి మూలలో చిన్న మూత, దాని వెనక తిప్పి తీసే ఫిల్టర్. ప్లగ్ పీకి, పల్లెం పెట్టి, పాత తువ్వాలు పరిచి, ఫిల్టర్‌ని కొద్దిగా తిప్పి నీళ్లు కారనిచ్చాను. ఒక్కసారే తీసేస్తే లోపల మిగిలిన నీళ్లన్నీ నేల మీదే. పల్లెం చాలదు, రెండు సార్లు మూసి తెరవాల్సి వచ్చింది.

ఫిల్టర్‌లో రెండు చొక్కా గుండీలు, ఒక హెయిర్ పిన్, వేలెడంత నూలు ముద్ద. ఇవి ఉన్నంత మాత్రాన టకటక రాదే అనుకుని టార్చి వేసి లోపలికి చూశాను. పంపు రెక్కల పక్కన బూడిద రంగులో ఏదో మెరిసింది. చెక్క పుల్లతో కదిపి తీస్తే ఒక చిన్న నాణెం. రెక్క తిరిగినప్పుడల్లా దాని అంచుకి కొట్టుకుంటోంది. రెక్కల్లో ఒకదాని కొస కొంచెం అరిగింది గానీ విరగలేదు. వేలితో తిప్పితే రెక్కలు ఆగి ఆగి కదులుతున్నాయి. పాడైందేమోనని కంగారు పడ్డాను. ఈ పంపుల్లో లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అలా అంచెలంచెలుగా కదలడం మామూలేనట.

నాణెం తీశాక నీళ్లు తోసే దశలో చప్పుడు లేదు. మూడింట్లో ఒకటి పూర్తిగా పోయింది. అమ్మకి చెప్తే "మరి తిరగలి?" అంది.

4, 5 రోజులు: ఫోన్‌తో కాలక్షేపం

ఈ రెండు రోజుల గురించి రాయకూడదనే అనుకున్నాను, కానీ డైరీ కదా. స్పిన్ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపించే యాప్‌లో పెట్టాను. ఇలాంటి మెషీన్లలో డ్రమ్ ఇరుసుని మోసేవి ఎక్కువగా 6205, 6206 నంబరు బేరింగులు, అంటే రెండు ఉక్కు వలయాల మధ్య గోళీలు ఉండి ఇరుసుని సాఫీగా తిరగనిచ్చేవి. రెండింటిలోనూ తొమ్మిదేసి గోళీలు ఉంటాయి. బయటి వలయంలో ఒక చోట గుంట పడితే, ఇరుసు ఒక చుట్టు తిరిగే లోపు గోళీలు ఆ గుంట మీదుగా సుమారు 3.6 సార్లు వెళ్తాయి. 1000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 16.7 చుట్లు, అంటే 60 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం కనపడాలి. లోపలి వలయంలో గుంటైతే 5.4 సార్లు, 90 హెర్ట్జ్.

నా గ్రాఫ్‌లో 60 దగ్గరా, దాని రెట్టింపు దగ్గరా శిఖరాలు కనిపించాయి. దొంగ దొరికాడని ఎగిరి గంతేశాను. తర్వాత ఆలోచిస్తే, ఫోన్ మైకు అంత తక్కువ ఫ్రీక్వెన్సీలని సరిగ్గా పట్టదు, పైగా బేరింగ్ మొత్తం తుప్పు పట్టి ఉంటే ఒక్క గుంట లెక్క పనికిరాదు. నేను చూడాలనుకున్నదే నాకు కనపడిందని ఇప్పుడు అనిపిస్తోంది. బెల్ట్ తీసి చేత్తో తిప్పితే రెండు నిమిషాల్లో తేలే విషయానికి రెండు సాయంత్రాలు పోయాయి. సరదాగా మాత్రం ఉంది.

6వ రోజు: మూత తీశాను

ప్లగ్ పీకేశాను, కుళాయి కట్టేశాను. వెనక రెండు స్క్రూలు తీస్తే పై మూత వెనక్కి జరిగి వచ్చేసింది. లోపల చూస్తే మెషీన్ సగం ఖాళీయే. మధ్యలో, డ్రమ్ చుట్టూ ఉండే పెద్ద ప్లాస్టిక్ టబ్ రెండు స్ప్రింగుల మీద వేలాడుతూ, కింద నుంచి కుదుపులు తగ్గించే డాంపర్ల మీద ఆనుకుని ఉంది. టబ్ పైన ఒకటి, ముందు ఒకటి కాంక్రీటు దిమ్మలు. టబ్ ఎగిరిపడకుండా ఉండటానికే ఈ బరువు.

పై దిమ్మని పట్టుకుని ఊపితే కదిలింది. మూడు బోల్టుల్లో ఒకటి వేళ్లతోనే తిరిగేంత వదులుగా ఉంది. మిగిలిన ధబ్ ధబ్ ఇదేనన్నమాట. బిగించాను, కానీ బలం అంతా పెట్టలేదు. బోల్టు దిగేది ప్లాస్టిక్‌లోకి, మర చెడితే టబ్ మొత్తం పోయినట్టే. డాంపర్లు పరీక్షించడానికి టబ్‌ని అరచేత్తో కిందికి నొక్కి వదిలాను. ఒక్కసారి పైకి వచ్చి ఆగింది. బాగున్నట్టే. అవి అరిగిపోయి ఉంటే మూడు నాలుగు సార్లు ఊగేది.

తర్వాత వెనక రేకు తీశాను. పుల్లీని తిప్పుతూ బెల్ట్‌ని పక్కకి లాగితే జారి వచ్చేసింది. అసలు పరీక్ష ఇది. మోటారుని విడిగా చేత్తో తిప్పాను, లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల సన్నని రాపిడి తప్ప ఏమీ లేదు. డ్రమ్‌ని విడిగా తిప్పాను. గర్‌ర్. పుల్లీ మీద చెయ్యి పెడితే చప్పుడు చెవికి వినపడటం కాదు, వేళ్లకే తగులుతోంది, ఇసుకలో చక్రం తిప్పినట్టు. ముందు తలుపు తీసి డ్రమ్ పై అంచుని పట్టుకుని పైకి కిందికి ఎత్తి చూశాను. మామూలుగా డ్రమ్, టబ్ కలిసి ఒకేసారి కదలాలి. ఇక్కడ డ్రమ్ ఒక్కటే రెండు మూడు మిల్లీమీటర్లు టక్‌మని ఆడింది.

ఇంకా సందేహం ఉంటే తీర్చడానికన్నట్టు, టబ్ వెనక ఇరుసు కింద ఉన్న చిన్న రంధ్రం నుంచి ఎర్రటి చార ఒకటి కిందిదాకా ఎండిపోయి ఉంది. ఆ రంధ్రం, నీళ్లని ఆపే రబ్బరు వలయమైన సీల్‌కీ బేరింగ్‌కీ మధ్య చేరే నీళ్లు బయటికి పోవడానికి పెట్టింది. అక్కడ తుప్పు నీళ్లు కారాయంటే ఆయిల్ సీల్ పోయి నీళ్లు లోపలికి దిగాయని, గ్రీజు కొట్టుకుపోయి బేరింగ్ తుప్పు పట్టిందని.

7వ రోజు: చెయ్యాలా వద్దా

రిపేరు చేసే ఒకాయన్ని పిలిచాం. మంచి మనిషే, డ్రమ్ ఒకసారి తిప్పి "బేరింగే" అన్నాడు. కానీ బేరింగ్ ఒక్కటే మార్చను, టబ్ సెట్ మొత్తం మారుస్తానన్నాడు. అది మోసమేమీ కాదు. కొన్ని మోడళ్లలో టబ్ రెండు సగాల్ని స్క్రూలు లేకుండా వేడితో అతికించేస్తారు. వాటిని రంపంతో కోస్తే తప్ప బేరింగ్ దాకా పోలేం. అందుకని నేను తీర్మానం చేసే ముందు టార్చి వేసి టబ్ అంచు చుట్టూ చూశాను. వరసగా స్క్రూలు కనిపించాయి, పద్దెనిమిది. అవి కనపడకపోయి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ఆగిపోయేది.

"పాడైతే కొత్తది కొందాంలే, ఎలాగూ పాడైందేగా" అని అమ్మ అభయమిచ్చింది.

9వ రోజు: విప్పడం

తమ్ముడు వచ్చాడు. టబ్‌ని ఒక్కడే ఎత్తలేడు, ఎత్తకూడదు కూడా. వాడి పని ఫోటోలు తీయడం, బరువు పట్టడం, "అన్నయ్యా, అది కాదు" అనడం. మూడూ బాగానే చేశాడు.

ప్రతి వైరూ ఊడదీసే ముందు ఫోటో. స్క్రూలు ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవుల్లో తేడాలుంటాయి. అందుకే ఒక అట్టముక్క మీద మెషీన్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టాం. డిటర్జెంట్ డ్రాయరు, కంట్రోల్ ప్యానెల్, పై దిమ్మ వరసగా వచ్చేశాయి. తలుపు చుట్టూ ఉండే రబ్బరుకి బయట ఒక సన్నటి తీగ రింగు, దానికో చిన్న స్ప్రింగు ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్ కొసతో పైకి లేపి తీయాలి. తీసేటప్పుడు ఎగిరి వెళ్లి ఎక్కడో పడింది. పావుగంట వెతుకులాట.

ముందు దిమ్మ, మోటారు, హీటరు వైర్లు, నీటి మట్టం కొలిచే సన్నటి గొట్టం, కింద డ్రెయిన్ గొట్టం, డాంపర్ల పిన్నులు. దిమ్మలు ముందే తీసేయడం వల్ల టబ్ తేలికైంది. అయినా స్ప్రింగుల నుంచి తప్పించి బయటికి తీసేసరికి ఇద్దరికీ చెమట్లు పట్టాయి.

టబ్‌ని బోర్లా, పుల్లీ పైకి ఉండేలా పెట్టాం. పుల్లీ మధ్య బోల్టు కదలదే! ఫ్యాక్టరీలోనే మరకి జిగురు పూసి బిగిస్తారు. పుల్లీ ఆకుల మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి తిప్పితే బోల్టు తల నలిగిపోతుందేమోనని భయం వేసింది. హెయిర్ డ్రయర్‌తో పది నిమిషాలు వేడి చేశాక టప్‌మని వదిలింది. జిగురు వేడికి మెత్తబడుతుంది, బలం కన్నా అదే మేలు.

పద్దెనిమిది స్క్రూలు తీసి టబ్ రెండు సగాలు చేశాం. ఇప్పుడు డ్రమ్ ఇరుసుని వెనక సగం నుంచి కిందికి దించాలి. ఇరుసు కొసని సుత్తితో నేరుగా కొడితే మర నలిగి, తర్వాత బోల్టు ఎక్కదు. పాత బోల్టుని సగం దాకా ఎక్కించి, దాని తల మీద చెక్కముక్క పెట్టి కొట్టాం. నాలుగో దెబ్బకి కదిలింది. కదలగానే ఎర్రటి పొడి రాలింది.

డ్రమ్ వెనకాల మూడు చేతుల అల్యూమినియం స్పైడర్ ఉంటుంది, ఇరుసు దానికే బిగించి ఉంటుంది. దాని నిండా బూడిద రంగు జిగట, డిటర్జెంటు, నూలు కలిసి గడ్డకట్టింది. తొమ్మిదేళ్ల ఉతుకు అంతా అక్కడే ఉంది. ఆ జిగటలో తేమ నిలిచి అల్యూమినియాన్ని తినేస్తుంది, చివరికి ఒక చెయ్యి విరుగుతుంది. అది విరిగితే బేరింగ్ మార్చినా లాభం లేదు. పాత టూత్‌బ్రష్‌తో, గోరువెచ్చని నీళ్లతో గంట సేపు రుద్ది చూశాను. పైన చిన్న చిన్న గుంటలు ఉన్నాయి, పగుళ్లు లేవు. బతికిపోయాం. డిటర్జెంట్ ఎక్కువ వేస్తే బట్టలు ఎక్కువ శుభ్రం అవుతాయని మా ఇంట్లో ఒక నమ్మకం ఉండేది, అది ఆ గంటలోనే పోయింది.

10వ రోజు: ఇరుక్కున్న వలయం

బేరింగులు రెండు. డ్రమ్ వైపు పెద్దది 6206, పుల్లీ వైపు చిన్నది 6205. చివరి రెండు అంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. అంటే 30, 25. చిన్నది తేలిగ్గానే వచ్చేసింది. లోపలి నుంచి పొడవాటి ఇనప కడ్డీ పెట్టి, ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు వేస్తూ పోతే పది నిమిషాల పని.

పెద్దది ఏడిపించింది. రెండో దెబ్బకే లోపలి వలయం, గోళీలు, వాటిని పట్టి ఉంచే రేకు అన్నీ చెల్లాచెదురుగా రాలిపోయాయి. బయటి వలయం మాత్రం టబ్‌లోని లోహపు గూట్లోనే అతుక్కుపోయింది. గోళీలు ఏరి చూస్తే తొమ్మిదింట్లో ఒక్కటీ మెరవడం లేదు. గోధుమ రంగు, పైన గుంటలు. వీటి మీద ఇరుసు సెకనుకి పదహారు చుట్లు తిరుగుతుంటే విమానం రొద రాక ఏం వస్తుంది!

ఆ వలయం అంచు దొరకదు, కడ్డీ జారిపోతుంది. కోపంతో ఒక దెబ్బ గట్టిగా వేస్తే టబ్ ప్లాస్టిక్ కిర్రుమంది. అక్కడితో సుత్తి కింద పెట్టేశాను. తుప్పు వదిలించే నూనె చల్లి, రాత్రంతా వదిలేసి పడుకున్నాను.

11వ రోజు

పొద్దున చూస్తే గూట్లో ఎదురెదురుగా రెండు చిన్న గాళ్లు కనిపించాయి. సరిగ్గా ఈ పనికే వదిలిన జాగా అది, నిన్న తుప్పు కప్పేసింది. ఉలి కొస అక్కడ ఆనించి ఒక్కో వైపు ఒక్కో దెబ్బ. పన్నెండో దెబ్బకి వలయం వంకరగా లేచి, తర్వాత సాఫీగా వచ్చేసింది. తమ్ముడికి ఫోటో పంపితే "కప్పు గెలిచినట్టు పట్టుకున్నావేంటి" అన్నాడు.

12 నుంచి 16: సీల్ కోసం ఎదురుచూపు

బేరింగులు నంబరు చెప్తే దొరికేస్తాయి. సీల్ అలా కాదు. దాని మీద లోపలి కొలత, బయటి కొలత, మందం అచ్చు వేసి ఉంటాయి. మాదాంట్లో అంకెలు అరిగిపోయాయి. స్కేలుతో కొలిచి 37 అనుకుని తెప్పించాను. వచ్చాక ఇరుసు మీద పెడితే వదులు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ అడిగి తెచ్చుకుని కొలిస్తే 35. అరిగిన సీల్ పెదవిని కొలిచాను గానీ, ఇరుసు మీద అది కూర్చునే చోటుని కొలవలేదు. నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులు చేత్తోనే ఉతికాం. అమ్మ నన్ను ఏమీ అనలేదు, అదే ఇబ్బందిగా ఉంది.

ఈలోగా ఇరుసు మీద సీల్ రాసుకునే చోటు వేలితో తడిమాను. గోరుకి తగిలేంత గాడి ఉంటే కొత్త సీల్ కూడా త్వరలోనే కారుతుంది. మాది తుప్పు మరకే. చాలా నున్నటి ఎమరీ కాగితంతో ఇరుసు చుట్టూ తిప్పి రుద్దితే పోయింది.

17వ రోజు: కొత్తవి ఎక్కించడం

రెండు బేరింగుల్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రే ఫ్రీజర్లో పెట్టాను. చలికి ఉక్కు వెంట్రుకవాసి కుంచించుకుంటుంది, గూట్లోకి కొంచెం సులువుగా దిగుతుంది. ఎక్కించేటప్పుడు దెబ్బ బయటి వలయం మీదే పడాలి. లోపలి వలయం మీద కొడితే ఆ దెబ్బ గోళీల గుండా వెళ్లి, తిప్పకముందే బేరింగ్‌కి గుంటలు పడతాయి. నన్ను ఏడిపించిన పాత బయటి వలయం ఇక్కడ పనికొచ్చింది. సరిగ్గా అదే కొలత కదా, కొత్తదాని మీద దాన్ని పెట్టి చుట్టూ మెల్లగా కొడుతూ దించాను. అది కూడా గూట్లో ఇరుక్కోకుండా ముందే ఆకురాయితో బయటి వైపు కొంచెం అరగదీశాను. బేరింగ్ గూడు అడుగుకి చేరగానే సుత్తి చప్పుడు మారుతుంది. అప్పటిదాకా బొద్దుగా ఉన్న ధ్వని ఒక్కసారిగా గట్టిగా, ఖంగుమని వస్తుంది. అదే గుర్తు.

సీల్ పెదవుల మధ్య నీటికి కొట్టుకుపోని, రబ్బరుని పాడు చేయని గ్రీజు నింపి, వేళ్లతో చుట్టూ సమంగా నొక్కి కూర్చోబెట్టాను. డ్రమ్ ఇరుసు దించి, పుల్లీ పెట్టి, చేత్తో తిప్పాను. ఏమీ వినపడలేదు. ఇంకోసారి తిప్పాను. అమ్మని పిలిచి తిప్పమన్నాను.

18వ రోజు: మళ్లీ బిగింపు, రెండు తప్పులు

అట్టముక్క మీది స్క్రూలు వెనక నుంచి ముందుకి తీస్తూ పోయాం, సగం టైములో అయిపోయింది. టబ్ రెండు సగాల మధ్య రబ్బరు తాడు గట్టిపడి ఉంటే కొత్తది వేశాను. స్క్రూలని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం.

బట్టలు లేకుండా మొదటి ఉతుకు. పది నిమిషాల్లో ముందు వైపు నుంచి చుక్క చుక్కగా నీళ్లు. గుండె జారింది, టబ్ మళ్లీ విప్పాలేమోనని. చూస్తే తలుపు రబ్బరు టబ్ అంచు మీద ఒక చోట మడతపడింది. సరిచేశాక కారడం ఆగింది.

తర్వాత స్పిన్. విమానం లేదు. కానీ టిక్ టిక్ టిక్ అని కొత్తది ఒకటి! మొహాలు చూసుకున్నాం. వెంటనే స్పిన్ ఆపి, ప్లగ్ పీకి, వెనక రేకు తీస్తే, మోటారు చిన్న పుల్లీ మీద బెల్ట్ ఒక గాడి పక్కకి ఎక్కి ఉంది. అంచు రాసుకుంటోంది. జరిపి పెట్టాక అదీ పోయింది. నీళ్లు నింపి నెమ్మదిగా పోయే దాని కన్నా ఈ ఖాళీ స్పిన్‌లోనే బోలెడు తెలుస్తుంది.

ఫోన్ యాప్ సరైన కొలమానం కాదు గానీ, అదే ఫోను, అదే చోటు పెట్టి కొలిస్తే స్పిన్‌లో మొదటి రోజు 81 డెసిబెల్స్ చూపించింది, ఇవాళ 66. చెవికి అంతకన్నా ఎక్కువ తేడా అనిపించింది.

48వ రోజు

నెల రోజులుగా దాదాపు రోజూ నడుస్తోంది. ఒక్కటి రాయడం మర్చిపోయాను. వెనక రేకు బిగించే ముందు, ఇరుసు కింది రంధ్రం దగ్గర ఒక టిష్యూ కాగితం ముక్క టేపుతో అంటించాను. సీల్ కారితే చప్పుడు కన్నా ముందు అక్కడ మరక పడుతుంది. ఇవాళ ప్లగ్ పీకి, రేకు తీసి చూశాను. కాగితం మీద కొంచెం దుమ్ము, అంతే. తడి లేదు, ఎర్ర రంగు లేదు. దాన్ని అక్కడే ఉంచి రేకు బిగించేశాను.